పురిటింటిలో అడుగని ప్రశ్న

సికింద్రాబాదు రైలుస్టేషనుకు తూర్పున మెట్టుగూడ, నామాలగుండు, వారసిగూడ, ఈశాన్యమున అడ్డగుట్ట, తుకారాంగేటు, దక్షిణమున భోయిగూడ, పడమట బేగంపేట పొలిమేరలో రసూల్‌పుర మొదలుగా గల బస్తీలలో ఏ యింట కాన్పు జరిగినను, ఆ యిల్లు ఎంతటి పేదదైనను, బాలింత దేహమునకు నడువవలసిన ఉపచారములు నడచియే తీరును. చెవులలో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, శొంఠియు మిరియములును పిప్పళ్లును బెల్లమును చేర్చి చేసిన కాయము తినిపించి, పాత బియ్యపు అన్నములో వెల్లుల్లికారము కలిపి పెట్టి, చల్లని పదార్థములను దూరముంచి, గాలి సోకకుండ కిటికీ మూసి, ఆ పచ్చి బాలింతను ఆ యింటి స్త్రీలు కంటికి రెప్పవలె కాచుకొందురు. అదే వీథిలోని ముస్లిం కుటుంబములలో నలువది దినముల చిల్లా ముగియువరకు ఇట్టి కట్టుబాట్లే నడచును. క్రైస్తవ కుటుంబములలోను, దండుతోపాటు వచ్చి తరములుగా ఇచటనే స్థిరపడిన తమిళ కుటుంబములలోను వివరములు మారునే గాని భావము మారదు. ప్రసవము స్త్రీకి పునర్జన్మయని అందరును ఎరుగుదురు.

ఇంత శ్రద్ధగల లోకము ఆ బాలింతను అడుగు ప్రశ్నలు కూడ అనేకములు. పాలు పడుచున్నవా, కుట్లు మానినవా, రక్తస్రావము తగ్గినదా, బిడ్డ రాత్రి నిదురించినదా యని పొరుగింటి స్త్రీ మొదలు ఆశా కార్యకర్త వరకు అందరును అడుగుదురు. “నీ మనసెట్లున్నది బిడ్డా?” యని అడుగువారు మాత్రము మిక్కిలి అరుదు. ఆ ప్రశ్న వెలువడకుండుటకు హేతువు కాఠిన్యము కాదు, కేవలము అజ్ఞానమును కాదు. దానికి రాగల సమాధానమును భరించు శక్తి పేద కుటుంబమునకు లేకుండుటయే అసలు హేతువు. ఆ శక్తి ఏల లేదు, దానిని ఎట్లు కలిగింపవచ్చును అను రెండు విషయములను ఈ యధ్యాయమున విచారింతము.

వ్యాధి స్వరూపము

ప్రసవించిన స్త్రీ మనస్సునకు కలుగు కలతలను వైద్యశాస్త్రము మూడు తరగతులుగా విభజించును. ఈ విభాగము తెలియనిచో స్వల్పమును చూచి భయపడుటయు, ఘోరమును చూచి ఉపేక్షించుటయు తప్పవు. మొదటిది కాన్పైన మూడవ దినమునుండి ఐదవ దినములోపల తలచూపు తాత్కాలిక విచారము: సగమునకు పైగా తల్లులలో కనిపించు ఈ స్థితియందు కారణము లేకయే కన్నీరు వచ్చును, చిన్న మాటకు మనస్సు నొచ్చును, మరుక్షణమున నవ్వును వచ్చును, విశ్రాంతియు మంచి మాటయు తప్ప వేరు చికిత్స దీనికి అక్కరలేదు, రెండు వారములలో దానంతటదే తొలగిపోవును. రెండవది ప్రసవానంతర విషాదము, వైద్యుల వాడుకలో పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్: ఇది రెండు వారములు దాటియు వీడక, ఒక్కొక్కప్పుడు కాన్పైన కొన్ని నెలలకు ఆరంభమై, తల్లికి దేనియందును ఆసక్తి లేకుండ చేసి, బిడ్డ నిద్రించినను ఆమెకు నిద్ర రానీయక, తాను తల్లియగుటకు తగనను అపరాధభావమును పెంచి, కొందరిని ప్రాణముపై విరక్తి వరకు కొనిపోవును. మూడవది ప్రసవానంతర చిత్తభ్రమ: వేయి కాన్పులలో ఒకటి రెండింట మాత్రమే కనబడు ఈ వ్యాధి సాధారణముగా మొదటి రెండు వారములలో అకస్మాత్తుగా ప్రారంభమై, లేని మాటలు వినిపించుట, లేని శంకలు పుట్టుట మొదలగు లక్షణములతో తల్లీబిడ్డల ప్రాణములకే అపాయము తేగలదు గనుక, రోగిని తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

బస్తీలో మనోవ్యాధియని గుర్తింపబడునది ఈ మూడవది మాత్రమే. ఆ ఘోరరూపమే కొలమానమగుటచే, అన్నము వండుచు, పాలిచ్చుచు, బట్టలుతుకుచు లోలోపల క్రుంగిపోవుచున్న తల్లి స్థితి వ్యాధియే కానట్లు దాటిపోవును.

ఈ వ్యాధి నేటి నాగరికత తెచ్చిపెట్టినదని తలచుట పొరపాటు. 1858లో పారిస్ వైద్యుడు లూయీ విక్తోర్ మార్సె గర్భిణులకును బాలింతలకును కలుగు మానసిక వ్యాధులను గూర్చియే ఒక ప్రత్యేక గ్రంథమును ప్రకటించెను. శరీరములో జరుగు మార్పులు ఇటీవలి దశాబ్దములలో మరింత స్పష్టమైనవి. గర్భధారణ కాలమున మాయనుండి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అను స్రావములు మిక్కుటముగా వెలువడుచుండును. కాన్పుతో మాయ తొలగిపోగనే రెండు మూడు దినములలో అవి అధఃపాతాళమునకు దిగిపోవును. ప్రొజెస్టిరాన్ నుండి పుట్టు అల్లోప్రెగ్ననలోన్ అను పదార్థము మెదడునందలి నాడీకణములను శాంతపరచునట్టిది. అదియు ఆ పతనముతోనే క్షీణించును. దానిని పోలిన మందు ఒకటి 2019లో సూదిమందుగాను, మరియొకటి 2023లో మాత్రగాను అమెరికాలో అనుమతి పొందినవి. అనగా తల్లి విషాదమునకు దేహములోనే ఒక మూలము కలదని శాస్త్రము అంగీకరించినట్లైనది. అయితే ఈ స్రావముల పతనము ప్రసవించిన ప్రతి స్త్రీకిని కలుగును, వ్యాధి మాత్రము కొందరికే కలుగును. ఆ కొందరెవరను ప్రశ్నకు సమాధానము కొంత జన్మతో వచ్చిన స్వభావమునందును, కొంత థైరాయిడు గ్రంథి లోపమునందును, కొంత రక్తహీనతయందును, చాల భాగము ఆమె బ్రదుకు పరిస్థితులయందును కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమునందలి స్త్రీలలో 57.6 శాతము రక్తహీనులని తేలినది, కాన్పులలో 60.7 శాతము కోతతో జరిగినవని, దేశమందలి రాష్ట్రములన్నింటిలో ఇదియే అత్యధికమని కూడ ఆ సర్వే తెల్పినది. రక్తము చాలక, కుట్లు మానక, నిద్ర లేక ఉన్న దేహమున మనస్సు నిబ్బరముగా నుండవలెనని కోరుట న్యాయము కాదు.

పేదరికమును ఆడుబిడ్డయు

భారతదేశమున ఈ వ్యాధి ఎంత వ్యాపించియున్నదో తెలిసికొనుటకు 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటినులో వెలువడిన సమీక్ష చాలును. మన దేశమున జరిగిన 38 పరిశోధనలను, వానిలో పాల్గొన్న 20,043 మంది తల్లుల వివరములను కలిపి చూడగా, నూటికి 22 మందిలో ఈ విషాదము కనబడినది. అడ్డగుట్టలో ఒక వీథిలో ఈ యేడాది పది కాన్పులు జరిగినచో, ఆ లెక్కన ఇద్దరు తల్లులు ఈ బాధలో నున్నారని ఊహింపవచ్చును; ఆ ఇద్దరెవరో వారి ప్రక్కింటివారికి తెలియకపోవచ్చును.

2002లో విక్రమ్ పటేల్, మెర్లిన్ రోడ్రిగ్స్, నందితా డిసౌజా గోవాలోని తల్లులను గూర్చి ప్రకటించిన పరిశోధన ఈ విషయమున మార్గదర్శకమైనది. కాన్పైన ఆరు నుండి ఎనిమిది వారములకు వారు పరీక్షించిన తల్లులలో 23 శాతము విషాదగ్రస్తులు. దారిద్ర్యము, భర్తతో పొందిక లేకుండుట, భర్త చేతి హింస వ్యాధికి తోడ్పడు ప్రధాన హేతువులుగా తేలినవి. కొడుకు కావలెనని ఎదురుచూచిన యింట కూతురు పుట్టినప్పుడు తల్లి విషాదమునకు లోనగుట హెచ్చుగా కనిపించినది. మగశిశువు పుట్టినచో ఇతర కష్టముల తాకిడి నుండి తల్లికి కొంత రక్షణ లభించినది. బిడ్డ లింగమును నిర్ణయించు బీజము తండ్రినుండి వచ్చునది. నింద మాత్రము తల్లి నెత్తిన పడును. తెలంగాణ ప్రభుత్వము 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకమును ప్రారంభించి, ప్రభుత్వాసుపత్రిలో కన్న తల్లికి మగశిశువైన 12,000 రూపాయలును, ఆడుశిశువైన 13,000 రూపాయలును ఇచ్చుటకు నిర్ణయించుటలో ఈ సామాజిక సత్యమునకు ఒక అంగీకారము కలదు. ఆ వేయి రూపాయల అధిక సహాయము కొనియాడదగినదే. కాని రెండవసారియు ఆడుబిడ్డనే కన్న కోడలిని చూచి మాట్లాడక పోవు అత్తమామల మౌనమునకు అది విరుగుడు కాజాలదు.

గాలియు దోమయు

బాలింత ప్రవర్తనలో మార్పు కనబడినప్పుడు బస్తీలో మొదట వినబడు మాట “గాలి సోకింది” అనునదే. దిష్టి తీయుదురు, తాయెత్తు కట్టింతురు, దర్గాకు కొనిపోవుదురు, గుడివద్ద నిద్ర చేయింతురు. ఈ విశ్వాసములను తూలనాడుట సులభము. వానిని అర్థము చేసికొనుట మేలు. గాలి సోకినదన్నప్పుడు తప్పు ఆ స్త్రీది కాదను ధ్వని అందున్నది. బయటినుండి వచ్చినది బయటికే పోవునను ఆశయు ఉన్నది. తల్లి మనస్సులోనే వ్యాధి కలదనుటకంటె ఈ మాట ఆమె గౌరవమును ఎక్కువగా కాపాడునని ఆ యింటివారు భావింతురు. మంత్రగాని వద్దకు పోవుటలో సిగ్గు లేదు, మానసిక వైద్యుని వద్దకు పోవుటలో కలదు. ఈ భేదమును గమనింపక చేయు ప్రచారము వృథా.

ఈ విషయమున సికింద్రాబాదునకు ఒక విశిష్ట చరిత్ర కలదు. మలేరియా జ్వరము చిత్తడినేలల దుష్టవాయువులవలన కలుగునని లోకమంతయు శతాబ్దములుగా నమ్మియుండగా, 1897 ఆగస్టు 20వ తేదీన ఈ నగరమందే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. గాలివలన కలుగునని తలచిన జ్వరమునకు దోమ కారణమని తేలగనే, జ్వరపీడితుని చూచి అతని పాపమును గూర్చియో జాతకమును గూర్చియో మాటలాడుట క్రమముగా తగ్గిపోయెను. బాలింత విషాదమునకు అట్టి ఒక్క దోమ లేదు. దేహములోని స్రావములు, నిద్రలేమి, ఆకలి, దెబ్బలు, అప్పులు, ఒంటరితనము ఇన్నియు కలిసి దానిని పుట్టించును. సూక్ష్మదర్శినిలో చూపి ఒప్పింపగల ఒక్క కారణము లేనందువల్లనే ఈ వ్యాధిపట్ల అపవాదము ఇంకను నిలిచియున్నది. వ్యాధియని కంటితో చూపలేనిదానిని లోకము స్వభావదోషమని పేర్కొనును.

ఆచారములోని అండ

1983లో గ్వెన్ స్టర్న్, లారెన్స్ క్రూక్‌మన్ అను మానవశాస్త్రజ్ఞులు ఒక ఆలోచనను లోకము ముందుంచిరి. సంప్రదాయ సమాజములలో బాలింతకు నిర్ణీతకాలము విశ్రాంతి, ఇతరుల సేవ, ప్రత్యేక గౌరవము, కొంత ఏకాంతము ఆచారరూపమున లభించుచున్నవి గనుక ఆమె మనస్సునకు అవి కవచముగా పనిచేయుచుండవచ్చునని వారి అభిప్రాయము. తరువాతి పరిశోధనలు దీనిని పూర్తిగా బలపరుపలేదు, పూర్తిగా త్రోసిపుచ్చనూ లేదు. ఆచారము తనంతట తాను కాపాడదనియు, ఆచారమునకు వెనుక నిజమైన తోడ్పాటు ఉన్నప్పుడే అది ఫలించుననియు వాని సారాంశము. కోడలికి ఇష్టము లేని చేతులు పోసిన వేన్నీళ్లు దేహమును శుభ్రపరచును గాని మనస్సును సేదదీర్పలేవు.

ఈ సూత్రమును మన బస్తీకి అన్వయించి చూడుడు. తొలుసూరు కాన్పు తల్లిగారింట జరుగుట మన సంప్రదాయము. పాలమూరులోనో మెదకులోనో, శ్రీకాకుళము విజయనగరములలోనో ఊరిలోని ఇంటికి పోయిన కూతురునకు తల్లి, పిన్ని, వదిన, ఇరుగుపొరుగు అందరును ఉండెడివారు; బిడ్డను ఎత్తుకొనుటకు పది చేతులుండెడివి. నగరమునకు వలసవచ్చి, లేబరు అడ్డాలో కూలికి నిలుచు భర్తతో ఒక్క గది అద్దెకు తీసికొని యున్న స్త్రీకి ఆ చేతులు లేవు. తల్లి ఊరిలో పత్తి ఏరుటకు పోవలెను. అత్త నాలుగిళ్లలో పాచిపని చేయవలెను. వచ్చినను ఒక వారము, పది దినములు. ఇరువదియొక్క దినముల కట్టుబాటులో నిషేధములన్నియు నిలిచినవి, సేవ మాత్రము పోయినది. బయటికి పోరాదు, చన్నీళ్లు ముట్టరాదు, ఇది తినరాదు, అది తాకరాదు అను నియమములు ఆమెను ఆ గదిలో కట్టివేయును. ఆ గదిలో ఆమెతో కూర్చుండువారు ఉండరు. కోత కాన్పైనచో బరువెత్తరాదని వైద్యుడు చెప్పును, నీరు మోసి తెచ్చుటకు మరియొకరు లేరు. కిటికీ మూసిన చీకటిగదిలో, పసిబిడ్డతో, పగలంతయు ఒంటరిగా నుండు స్త్రీ విషాదమునకు లోనగుటలో ఆశ్చర్యము లేదు. పూర్వాచారము చెడ్డదని నేననను. దాని ప్రాణము పోయి శరీరము మిగిలినదని మాత్రము చెప్పక తప్పదు.

సిగ్గునకు గల లెక్క

ఇక మౌనమునకు గల కారణములను చూతము. “మేం కనలేదా, మాకు గిట్ల కాలేదా?” అని అత్త అనును. “పచ్చి బాలెంతవు, ఏడ్వకు, కండ్లు పోతయ్” అని తల్లి యనును. “రంది పెట్టుకోకు, పాలు ఇంకిపోతయ్” అని పొరుగింటామె చెప్పును. ఇవి పైకి ప్రేమతో చెప్పిన మాటలే. కాని ఒక్కొక్క మాటయు ఆ తల్లి నోటిని మరికొంత మూయును. ఏడ్చినచో బిడ్డకు పాలు చెడునను భయముతో ఆమె ఏడుపును కూడ దాచుకొనును. సంతోషింపవలసిన సమయమున దుఃఖించుచున్నందుకు తనను తాను నిందించుకొనును. అపరాధభావము వ్యాధి లక్షణమే గనుక, లోకము వేయు నిందయు వ్యాధి పుట్టించు నిందయు ఒండొంటిని బలపరచుకొనును.

పేద కుటుంబమునకు ఆస్తి యనదగినది పరువొక్కటే. పెండ్లిసంబంధములు, చీటీపాటలో నమ్మకము, కిరాణాకొట్టులో అరువు, పనియిచ్చు యింటివారి విశ్వాసము అన్నియు ఆ పరువుమీదనే ఆధారపడును. “ఆమెకు పిచ్చట” అను మాట ఒక్కసారి గల్లీలో పుట్టినచో దాని నష్టము ఆ స్త్రీతో ఆగదు. చెల్లెలి సంబంధము తప్పును, పసిబిడ్డ పెద్దదైన తరువాత కూడ ఆ మాట దానిని వెంటాడును. నగరమున మానసిక వైద్యాలయము ఎర్రగడ్డలో నుండుటచే ఆ ఊరి పేరే నిందావాక్యమైనది. మందులకొరకు అచటికి పోవు బస్సెక్కుటకు కూడ జంకువారున్నారు. భర్త విడిచిపెట్టునను భయము అన్నింటికంటె పెద్దది. 1955 నాటి హిందూ వివాహ చట్టము మనోవ్యాధిని విడాకులకు ఒక హేతువుగా పేర్కొనుట ఈ భయమునకు కొంత ఆధారము. అయితే ఆ నిబంధన భార్యాభర్తలు కలిసి బ్రదుకుట అసాధ్యమగునంతటి తీవ్రవ్యాధిని ఉద్దేశించినదనియు, రోగము పేరొకటి చూపి వివాహమును రద్దుచేయరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 1988లో స్పష్టము చేసినది. చికిత్సతో కుదుటపడు బాలింత విషాదము ఆ తరగతికి చేరదు. ఈ సంగతి న్యాయవాదులకు తెలియును. రసూల్‌పురలోని తల్లికి తెలియదు.

కావున దాచుట అవివేకము కాదు. తనకున్న సాధనములతో ఒక కుటుంబము తన్ను తాను రక్షించుకొనుటకు చేయు ప్రయత్నమది. దానిని మూఢత్వమని నిందించు విద్యావంతుడు ఆ నిందవలననే మరియొక తలుపు మూయుచున్నాడు.

దేహము చెప్పు మాట

మాటకు దారి లేనప్పుడు దుఃఖము దేహము ద్వారా వెలువడును. బస్తీ దవాఖానాకు వచ్చిన బాలింత తన మనస్సు బాగులేదని చెప్పదు. తల తిరుగుచున్నదనును, గుండె దడ యనును, కాళ్లు చేతులు గుంజుచున్నవనును, కడుపులో మంట యనును, అన్నము సయించుట లేదనును, అన్నింటికంటె ముఖ్యముగా “పాలు పడ్తలేవు” అనును. బలహీనతకు మందు వ్రాసి పంపుట సులభము. వెలుపల నలువదిమంది వేచియుండగా వైద్యుడు అంతకంటె చేయుట కష్టమే. కాని రెండుమూడుసార్లు ఇవే బాధలతో వచ్చిన తల్లి దేహము ద్వారా మరేమో చెప్పుచున్నదని గ్రహించుట వైద్యవిద్యలో ఒక భాగము కావలెను.

బిడ్డ దేహము కూడ ఆ మాటనే చెప్పును. పటేల్, డిసౌజా, రోడ్రిగ్స్ 2003లో గోవానుండియే ప్రకటించిన మరియొక పరిశోధనలో, విషాదగ్రస్తులైన తల్లుల బిడ్డలలో ఆరు నెలలనాటికి బరువు తక్కువగా నుండుట ఎక్కువగా కనబడినది. అంగన్‌వాడీలో బిడ్డను తూచి, బరువు పెరుగలేదని తల్లిని మందలించునప్పుడు, తూనికలోని లోపము తల్లి అశ్రద్ధను కాక తల్లి వ్యాధిని సూచించుచుండవచ్చునని తలచువారు ఎందరు?

అందరిని అడుగుట

1987లో స్కాట్లండు నుండి జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ అను మువ్వురు పది ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఎడింబరా పట్టికయని ప్రసిద్ధి చెందిన దీనిలో గడచిన ఏడు దినములలో తల్లికి నవ్వగలిగిన శక్తి, భయము, ఆత్మనింద, నిద్ర, కన్నీరు మొదలగువానిని గూర్చి సరళమైన ప్రశ్నలుండును. ఒక్కొక్కదానికి సున్న నుండి మూడు వరకు అంకములు, మొత్తము 30. పన్నెండు పదమూడింటిని మించినచో వైద్యుడు చూడవలెనని మూలపరిశోధకులు సూచించిరి. అలసట, ఆకలి మందగించుట వంటి దేహలక్షణములు బాలింతలందరికిని ఉండునవి గనుక వానిని ఈ పట్టికలో చేర్పకుండుట దాని నేర్పు. పదియవ ప్రశ్న తన్ను తాను హింసించుకొను ఆలోచనను గూర్చినది. అట్టి ప్రశ్న వేసినచో లేని ఆలోచన పుట్టునేమోయని అనేకులు భయపడుదురు. అడుగుటవలన ఆ ఆలోచన పుట్టదనియు, ఉన్నదానిని చెప్పుకొనుటవలన బరువు తగ్గుననియు పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ పట్టిక వ్యాధిని నిర్ణయింపదు. ఎవరిని నిదానించి చూడవలెనో మాత్రము చెప్పును.

సాధనము కలదు, దానిని ఎచట, ఎవరిచే, ఎట్లు ఉపయోగింపవలెను అనునదే అసలు సమస్య. అనుమానము కలిగిన తల్లిని ఏరి పిలిచి అడిగినచో ఆమె వెంటనే గల్లీ కళ్లలో పడును. వచ్చిన ప్రతి తల్లిని, ఎట్టి భేదమును లేక, అదే ప్రశ్న అడిగినచో అది ఎవరికిని మచ్చ కాదు. రక్తపుపోటు చూచినందుకు ఎవరును సిగ్గుపడరు. అందరికిని చూతురు గనుకనే సిగ్గుపడరు. అట్టి అవకాశము మనకు సిద్ధముగానే యున్నది. పుట్టిన వెంటనేయు, ఆరు, పది, పదునాలుగు వారములకును బిడ్డకు టీకాలు వేయించుట ప్రతి తల్లియు చేయు పని. అత్తయు భర్తయు దానికి అడ్డుచెప్పరు. ఆసుపత్రిలో కాన్పైన తల్లి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరుసార్లు పోవలెనని నియమము కలదు. ఇంటిలో ఒక్క గదియే యుండుటచే అచట అడుగుటకు చాటు దొరకదు. అత్త వినుచుండగా కోడలు “మంచిగనే ఉన్న” అనియే చెప్పును. టీకా కేంద్రములో బిడ్డను నర్సు తూచునప్పుడు తల్లిని ప్రక్కకు కూర్చుండబెట్టి అయిదు నిమిషములు మాటలాడుట సాధ్యము. ఆశా కార్యకర్త ఆ గల్లీలోనిదే యగుటవలన తల్లికి ఆమెయందు చనువును కలదు, మాట బయటపడునను భయమును కలదు; చెప్పినది చెవి దాటదను నమ్మకమును కలిగించుట ఆ కార్యకర్త శిక్షణలో మొదటి పాఠము కావలెను.

బిడ్డ ద్వారమున ప్రవేశించుట

గుర్తించిన పిమ్మట చికిత్స లేనిచో అడుగుట క్రూరత్వమగును. ఆ చికిత్స పేద దేశములలో సాధ్యమేనని నిరూపించిన ప్రయోగము పాకిస్తానులోని రావల్పిండి ప్రాంతపు గ్రామములలో జరిగినది. ఆతిఫ్ రెహ్మాన్ బృందము మానసిక వైద్యులను కాక, పల్లెలలో ఇల్లిల్లు తిరుగు సాధారణ ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, విషాదగ్రస్తులైన 903 మంది తల్లులను రెండు తెగలుగా చేసి పరీక్షించెను. 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితముల ప్రకారము, బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి సాధారణముగా చూడబడిన తెగలో 53 శాతము తల్లులు ఇంకను విషాదములో నుండగా, శిక్షణ పొందిన కార్యకర్తల మాటసాయము లభించిన తెగలో 23 శాతము మాత్రమే మిగిలిరి. ఆ కార్యక్రమమున గమనింపదగిన మెలకువ ఒకటి కలదు: కార్యకర్తలు తల్లికి మనోవ్యాధి వచ్చినదని ఇంటిలో ప్రవేశింపలేదు, బిడ్డ ఆరోగ్యముగా పెరుగుటకు తల్లి ఎట్లుండవలెనో మాటలాడుటకు వచ్చితిమని చెప్పిరి. బిడ్డ మేలు అనగానే అత్త పీట వేసినది, భర్త విన్నాడు. ఇదే పద్ధతిని తరువాత గోవాలో తోటి స్త్రీల చేత నడిపించి చూచిరి. సికింద్రాబాదు బస్తీలలోని స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఈ పనికి అన్ని విధములను తగినవారు.

మాటసాయము చాలనిచోట మందు కావలెను. మందు పుచ్చుకొన్నచో పాలు మాన్పింతురను భయముతో అనేకులు వైద్యునివద్దకే పోరు. సెర్ట్రలీన్ వంటి మందు పాలలోనికి మిక్కిలి స్వల్పముగా మాత్రమే చేరును. వైద్యుని పర్యవేక్షణలో దానిని తీసికొనుచు పాలిచ్చుట సాధ్యమే. ఆసుపత్రిలో చేర్చినచో బిడ్డను వేరుచేయుదురను భయము మరియొకటి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్స పొందుచున్న తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను, అపాయము కలిగినప్పుడు తప్ప, సాధారణముగా వేరుచేయరాదని శాసించినది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లిని బిడ్డతోపాటే చేర్చుకొను ప్రత్యేక విభాగము కొన్ని ఏండ్లుగా నడచుచున్నది. గాంధీ ఆసుపత్రి వంటి పేదల పెద్దాసుపత్రి ప్రసూతి విభాగము ప్రక్కనే అట్టి కొన్ని మంచములు ఉండుట విలాసము కాదు, ఆవశ్యకము. బయటికి రాలేని తల్లికి 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు, తెలుగులోనే, ఖర్చు లేకయే లభించును. ఆ సంఖ్య ప్రతి టీకా కార్డుమీదను అచ్చువేయుట ఎంతమాత్రము కష్టము కాదు.

చికిత్సలలో మొదటిది మాత్రము ఇంటిలోనివారి చేతిలోనిదే. రాత్రి ఒక్క జామైనను తల్లికి ఎడతెగని నిద్ర లభింపవలెను. భర్త బిడ్డను ఎత్తుకొని తిరుగుటకు సిగ్గుపడరాదు. ఆడుబిడ్డ పుట్టినదని ఒక్క నిష్ఠురమును వినిపింపరాదు. త్రాగి చేయిచేసికొను భర్తను ఆపుటకు ఆ వీథియంతయు పూనుకొనవలెను. రెండు వారములు దాటినను విచారము వీడనిచో, బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఎట్లో అట్లే, వైద్యునివద్దకు కొనిపోవలెను.

అపవాదము ఉపన్యాసములతో తొలగినట్లు చరిత్రలో కనబడదు. క్షయ సోకినదన్న మాట ఒకప్పుడు ఈ బస్తీలలోనే పెండ్లిండ్లను చెరచినది, ఉద్యోగములను పోగొట్టినది. 1997 నుండి ప్రభుత్వము ఇంటి దాపునకే ఉచితముగా మందు తెచ్చి, ఎదుటనే మ్రింగించి, రోగులను కుదుర్చుచు వచ్చిన కొలది ఆ మాటలోని విషము కొంత విరిగినది. ఇంకను విరుగవలసినది ఉన్నను, నయమైనవారు కండ్లెదుట తిరుగుచుండగా దానిని పాపఫలమనుట నానాటికి కష్టమైనది. బాలింత విషాదము కూడ చికిత్సతో నయమగునదే. దానిని ఎదుర్కొని కోలుకొన్న తల్లి తన చెల్లెలితోనో, కోడలితోనో, ప్రక్కింటి పిల్లతల్లితోనో “నాకు గూడ గిట్లనే అయ్యింది, దవాఖానకు పోయిన, తక్కువైంది” అని చెప్పగలిగిన నాడు ఆ యింటికి ఏ గోడపత్రికయు అక్కరలేదు. ఆమె అట్లు చెప్పగలుగుటకు ముందు ఆమె కోలుకొనవలెను. కోలుకొనుటకు ముందు ఎవరో ఒకరు ఆమెను అడుగవలెను. ఆ అడుగుట ఒకరి దయాదాక్షిణ్యములకు విడువక, టీకాతోపాటు ప్రతి తల్లికిని హక్కుగా లభింపజేయుట ప్రభుత్వము విధి, నగరపాలక సంస్థ విధి, ఆ తల్లితో ఒకే కొళాయివద్ద నీరు పట్టుకొను ప్రతి స్త్రీ విధి.